ఓ పాజిటివ్ గోత్రం

మా పిల్ల పెళ్లి సంబంధాన్ని చెడగొట్టబోయింది మా ఆయన నోరు. దాన్ని మళ్లీ అతికించింది ఒక ముక్కు. మధ్యలో కాస్త రక్తం కారింది కానీ అది వేలి చివరన, సూది మొనంత.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. మిరప, పత్తి తప్ప వేరే పంట మా చేతికి తెలియదు. నేను అయిదో తరగతి దాకా చదివాను. ఆ అయిదూ కూడా పూర్తి కాలేదు, పత్తి తీతకి మనుషులు దొరక్క మా నాన్న మధ్యలో మాన్పించాడు. కాబట్టి నేను చెప్పేదాంట్లో సైన్సు ఎక్కడైనా ఒంకరగా కనిపిస్తే నన్ను అడగొద్దు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను, అంతే.

మా అమ్మాయి గుంటూరు దారిలో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేసేది. రైతులు తెచ్చిన మిరప టిక్కీలు, అదే బస్తాలు, లోపలికి వెళ్లడం, బయటికి రావడం, ఆ వ్యవహారమంతా కంప్యూటర్‌లో ఎక్కించేది. ఆ అబ్బాయి కనిగిరి వైపు వాడు. పురుగుమందుల కంపెనీలో ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఆ తిరుగుడులో కోల్డ్ స్టోరేజీ దగ్గర మంచినీళ్లకి ఆగేవాడట. మంచినీళ్లు దారి పొడుగునా దొరుకుతాయి, అయినా అక్కడే ఆగేవాడట. కాబట్టి మేము పెట్టిన పెళ్లిచూపులు మా తృప్తి కోసమే. వాళ్ల చూపులు అంతకుముందే అయిపోయాయి.

వాళ్లు వచ్చింది సరిగ్గా మిరప రోజుల్లో. ఇంటి ముందు కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ రోజుల్లో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు తుమ్ముతారు, తర్వాత నమస్కారం పెడతారు. శుభకార్యానికి తుమ్ము మంచిది కాదంటారు కానీ మా వైపు మిరప కల్లాలు లేచేదాకా తుమ్ముకి శకునం లేదు. ఉంటే ఫాల్గుణంలో ఒక్క పెళ్లీ కాదు.

ఆ ఇంటి మగాళ్లు తుమ్ముతుంటే నేను మొదటిసారి వాళ్ల ముక్కులు చూశాను. తాతగారు, ఆయన కొడుకు, మనవడు, ముగ్గురూ వరసగా కూర్చున్నారు. ముగ్గురిదీ ఒకటే ముక్కు. మామూలు ముక్కు కాదు. పైన సన్నగా బయల్దేరి, మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఒక బొడిపె వేసి, అక్కడి నుంచి ఎడమకి తిరిగే ముక్కు. ఆ ముక్కుతో పిల్లలు పుడితే ఎట్లా అని నాకు ఒక్క క్షణం గుబులేసింది. మా పిల్ల మాత్రం ఆ ముక్కు వైపే తలొంచుకుని చూస్తూ ఉంది. నేను చేసేదేముంది.

ఆ ఇంట్లో మాట చెల్లేది పిల్లాడి నాయనమ్మది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ట్రాక్టరు. ఆవిడ కాఫీ సాసర్లో పోసుకుని ఊదుకుంటుంటే కొడుకూ కోడలూ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్లు. అన్నీ అడిగారు. గోత్రం వేరే, ఇంటిపేరు వేరే, అన్నీ కుదిరాయి. ఆవిడ తలాడించింది. ఇంక తాంబూలం పళ్లెం అందుకోవడమే తరువాయి.

అప్పుడు మా ఆయనకి ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది. మా పిల్ల ఆఫీసు నుంచి తిన్నగా రావడంతో మెళ్లో కార్డు అట్లాగే ఉంది. అబ్బాయిదీ అంతే, డ్యూటీ మధ్యలో వచ్చాడు. ఈయన కళ్లజోడు పెట్టుకుని ఒకసారి ఆ కార్డు, ఒకసారి ఈ కార్డు చదివి, జాతకాలు కలిపిన పంతులులాగా ముఖం వెలిగించుకుని, "బావగారూ, ఇది పైవాడు కలిపిందే. పిల్లదీ పిల్లాడిదీ రక్తం గ్రూపు కూడా ఒకటేనండి. ఇద్దరిదీ ఓ పాజిటివే," అన్నాడు. మొదటి కాఫీకే బావగారూ అని పిలవడం మొదలుపెట్టాడు ఈయన.

నాయనమ్మగారు సాసరు కింద పెట్టింది.

"ఏందయ్యా నువ్వన్నది?"

"రక్తం గ్రూపండి. ఇద్దరిదీ ఒకటే."

"ఒకటే రక్తమైతే అన్నాచెల్లెళ్లు కాదంటయ్యా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వే వీలున్న గొంతు కాదు అది. పిల్లాడు "నాయనమ్మా, అది గ్రూపే, రక్తసంబంధం కాదు" అనబోయాడు. ఆవిడ వాడి వైపు చూడకుండానే చెప్పింది: "గోత్రమంటే మాత్రం ఏంది రా? ఒక పెద్దాయన రక్తం పంచుకున్నోళ్లు. తండ్రిది కొడుక్కి వస్తది, కొడుకుది వాడి కొడుక్కి వస్తది. అప్పుడు సూదుల్లేవు గనక పేర్లు పెట్టుకున్నారు. ఇప్పుడు సూదులొచ్చినయ్యి గనక గ్రూపులు పెట్టారు. రెండూ ఒకటే. ఒకే గోత్రంలో చేసుకోనోళ్లం, ఒకే గ్రూపులో ఎట్టా చేసుకుంటాం?"

బొట్టు పెట్టించుకుని వెళ్లారు. తాంబూలం పళ్లెం చాప మీదే ఉండిపోయింది. దాంట్లో అరటిపళ్లు ఆ సాయంత్రం మా ఆయనే తిన్నాడు. నేను ఇంకేమీ పెట్టలేదు.

తర్వాత పిల్లాడు ఫోను చేసి చెప్పాడు, ఆవిడ భయానికి ఒక కారణముందని. వాళ్ల వీధిలో ఒక జంటకి ఇద్దరు బిడ్డలు పుట్టి దక్కలేదట. ఒంగోలులో డాక్టరమ్మ రక్తం గ్రూపుల గురించి ఏదో చెప్పిందట. ఏం చెప్పిందో ఆ వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు కదా. ఆవిడకి తోచింది ఇదీ. అది విన్నాక నాకు ఆవిడ మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం మా ఆయనకి మార్చాను.

మా పంతులుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన శాస్త్రంలో గ్రూపుల ప్రస్తావన లేదన్నాడు. ఆ మాట కనిగిరి చేర్పించాం. "శాస్త్రం రాసినప్పుడు సూది లేదు కదా, ఎట్టా ఉంటది" అని తిరుగు మాట వచ్చింది. పంతులుగారు కూడా దాని మీద కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించడం చూసి నాకు ఇంకా భయమేసింది.

మా పక్కింట్లో ఒక టైలరమ్మ ఉంది, ముస్లింలు. జాకెట్టు గుండీలు కుట్టించుకోవడానికి వెళ్లి నా గోడంతా చెప్పుకున్నాను. ఆవిడ మిషను ఆపకుండానే విన్నది. "మాలో చిన్నాన్న కూతురినైనా చేసుకుంటారు అక్కా. మీరేమో అసలు సంబంధమే లేనోళ్లకి సూది గుచ్చి మరీ అన్నాచెల్లెళ్ల వరస పుట్టిస్తున్నారు," అంది.

మా పిల్ల మాత్రం ఏడవలేదు. పచ్చడి నూరుతూ, "ఆవిడ లెక్కన సత్తెనపల్లి బస్టాండులో సగం మంది మగాళ్లు నాకు అన్నలేనమ్మా. రాఖీలకే జీతం చాలదు," అంది. రోలు వైపు చూస్తూ మళ్లీ అంది: "ఆ అబ్బాయి లేకపోతే చచ్చిపోతాననే రకం కాదు నేను. కానీ నాకు అతనే కావాలి. నచ్చలేదని వద్దంటే ఊరుకునేదాన్ని. ఈ కారణంతో పోతే, ముందు నవ్వొస్తుంది, తర్వాత ఎప్పుడో ఏడుపొస్తుంది."

ఆ 'తర్వాత ఎప్పుడో' రాకముందే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను.

కొన్నాళ్లకి వాళ్లు గుంటూరు మిర్చి యార్డుకి కాయలు తోలుకొచ్చి, తిరుగు దారిలో మా ఇంటికి వచ్చారు. కుదరదనే మాట ఫోన్లో చెప్పడం మర్యాద కాదని మనిషెదురుగా చెప్పిపోదామని వచ్చారు. మంచివాళ్లే. నాయనమ్మ, తాత, పిల్లాడి తండ్రి. నాయనమ్మగారు గొంతు సవరించుకుంటుంటే నేను కాఫీ ఇచ్చి, ఆ మాట బయటికి రాకముందే అడిగాను.

"పెద్దమ్మగారూ, మరి మీదీ తాతగారిదీ ఏ గ్రూపండీ?"

"మా కాలంలో గ్రూపులు యాడివమ్మాయ్. ఒట్టి రక్తమే ఉండేది."

"తాతగారు మీకు ముందునుంచీ చుట్టమేనా?"

"చుట్టమేంది, మా మేనత్త కొడుకు."

"మేనత్త అంటే మీ నాన్నగారి తోడబుట్టిందే కదండీ. రక్తం దగ్గరదే కదా. ఒకవేళ మీ ఇద్దరిదీ ఒకే గ్రూపైతే?"

ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి. "కాదు. అయ్యుంటే మా సంసారం ఇట్టా ఉండేదా? నలుగురు బిడ్డల్ని కన్నా, నలుగురూ రాళ్లల్లే ఉన్నారు. యాడ చూస్తారో చెప్పు, ఇప్పుడే చూపిస్తా."

ఎంత తొందరగా ఒప్పుకుందంటే నాకే కంగారు పుట్టింది. ఆటోలో అందరం సత్తెనపల్లి బయల్దేరాం. తాతగారిని ఎవరూ అడగలేదు. ఆయన చెప్పులు వేసుకుని ఎక్కి కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆయన పద్ధతి అదేనని తర్వాత తెలిసింది.

మందుల షాపు పైన చిన్న ల్యాబు. లోపల ఒక కుర్రపిల్ల, మా అమ్మాయి వయసుదే. వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం చుక్కలు పక్కపక్కన పెట్టింది. ఒక చుక్కలో నీలం సీసాలో మందు, ఇంకోదాంట్లో పసుపు సీసాలో మందు వేసి పుల్లతో కలిపింది. ఇంకో చుక్క కూడా ఉంది, అది పాజిటివ్, నెగటివ్ అనే తోకకట. ఏ చుక్క విరిగిన పాలలాగా గడ్డలు కడితే అదీ గ్రూపు. నీలంలో విరిగితే ఏ. పసుపులో విరిగితే బి. రెండిట్లో విరిగితే ఏబి. రెండిట్లోనూ విరక్కపోతే ఓ.

నాయనమ్మగారిది నీలంలో విరిగింది. తాతగారిది పసుపులో విరిగింది.

"ఆవిడది ఏ, ఈయనది బి," అంది ల్యాబు పిల్ల.

నాయనమ్మగారు కుర్చీలో వెనక్కి వాలింది. "చూశావా అమ్మాయ్. నాకు తెలవదా. వేరు వేరు గోత్రాలోళ్లం, వేరు వేరు గ్రూపులోళ్లం. సూదికంటే ముందే నేను చెప్పా."

నేనే పిలిచి తెచ్చి, నేనే ఆవిడ చేతికి కర్ర ఇచ్చినట్టయింది. ఇంటికెళ్లి పిల్లకి ఏం చెప్పాలో అనుకుంటున్నాను. మా ఆయన నాకంటే డీలా పడ్డాడు. డీలా పడితే ఆయనకి మాటలొస్తాయి. "ఎటూ వచ్చాం కదా బావగారూ, మీరూ ఒకసారి చూపించుకోండి. తెలిసుంటే మంచిదే," అన్నాడు పిల్లాడి తండ్రితో. పాపం, పెళ్లి పోయినా ఆ పిలుపు మానలేదు.

ఆయన వేలు చాపాడు. నీలం పోసింది, విరగలేదు. పసుపు పోసింది, విరగలేదు. పలకని అటూ ఇటూ వంచింది. చుక్కలు నున్నగా, నూనె కలిపినట్టు జారుతున్నాయి.

"ఈయనది ఓ అండి," అంది ఆ పిల్ల.

తండ్రిది కొడుక్కి వస్తుందని, గోత్రం లాగానే గ్రూపు కూడా అని, ఊరూ వాడా చాటింది ఆవిడే. తాతగారు బి. కొడుకు ఓ. అమ్మ వైపు చూసుకున్నా ఏ. మరి ఈ ఓ ఏ దారిన వచ్చింది? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేకుండా అందరం ఒకేసారి గోడ క్యాలెండరు వైపు చూశాం.

"సరిగ్గా చెయ్యి," అంది నాయనమ్మగారు.

ఆ పిల్ల ఇంకో వేలు పొడిచి మళ్లీ చేసింది. మళ్లీ విరగలేదు.

"మందు పాతదేమో."

"ఇందాక మీకు పోసింది ఈ సీసాలోదేనండి మామ్మగారూ," అంది ఆ పిల్ల. అని, మా ముఖాలు చూసి ఆ పిల్లకి వ్యవహారం అర్థమైపోయింది. ఇట్లాంటి ముఖాలు రోజూ చూస్తుందేమో. తాపీగా కుర్చీ లాక్కుని చెప్పింది. ప్రతి మనిషిలోనూ గ్రూపుని తేల్చేవి రెండేసి ఉంటాయట. అమ్మ ఒకటి, నాన్న ఒకటి ఇచ్చినవి. పిల్లలకి ఇచ్చేటప్పుడు ఆ రెండిట్లో ఏదో ఒకటే పోతుందట. ఓ అంటే ఏమీ లేనిది. ఏ పక్కన ఓ ఉంటే పైకి ఏ ఒక్కటే కనపడుతుంది. బి పక్కన ఓ ఉన్నా అంతే. ఎర్రచీర కింద తెల్ల లంగా ఉన్నట్టని నాకు అర్థమైంది. చూసేవాళ్లకి ఎరుపే, కానీ తెలుపు లేకపోలేదు.

"మామ్మగారి దగ్గర ఒక ఓ దాగుంది. తాతగారి దగ్గరా ఒకటి దాగుంది. ఇద్దరూ ఆ దాగున్నదే ఈయనకి ఇచ్చారు. అంతేనండి," అంది.

"నేనేం దాచలేదమ్మా," అంది నాయనమ్మగారు. ఆ గొంతులో ట్రాక్టరు లేదు.

అప్పుడు తాతగారు నోరు విప్పాడు. నేను ఆయన గొంతు వినడం అదే మొదటిసారి.

"దాచావు. విత్తనాలు దాచావు."

"ఏ విత్తనాలు?"

"ఆ యేడు హైబ్రిడ్ మిరప వేశాం. కాయ బారుగా, ఎర్రగా, ఒక్క తీరున వచ్చింది. మళ్లీ ప్యాకెట్లు కొనడమెందుకు, దీని గింజలే పోద్దామన్నావు. వద్దన్నా విన్లా. తర్వాతేడు ఏం కాసింది? ఒక చెట్టుకి బారుకాయ, ఒక చెట్టుకి గుండ్రం కాయ, ఒకదానికి పొట్టికాయ. ముందేడు పొట్టికాయ కంటికి కనపడిందా? లేదు. లోపల ఉంది. మనకి తెలవదు, అంతే." ఆయన ఆగి వేలికున్న దూది తీసి చూసుకున్నాడు. "అప్పుడు పక్క చేనోడి పుప్పొడి వచ్చి పడిందని వాడి మీదికి పోయి రచ్చ చేశావు. ఇప్పుడు ఎవరి మీదికి పోతావో చెప్పు. నేనూ వస్తా."

ముందు మా ఆయన తుమ్మినట్టు ఒక చప్పుడు చేశాడు. తర్వాత పిల్లాడి తండ్రి. ల్యాబు పిల్ల పలకలు కడుక్కునే వంకతో లోపలికి వెళ్లింది. నేను చెంగు నోట్లో పెట్టుకున్నాను. తాతగారు మాత్రం నవ్వలేదు. కొడుకు వైపు తల తిప్పి ముక్కు చూపించాడు. "అయినా ఆ ముక్కు ఇంకెవడిస్తాడే వాడికి. నేనే ఇవ్వకుండా ఉండాల్సింది."

నాయనమ్మగారు కుర్చీ లోపలి గుమ్మం వైపు జరుపుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది, లోపలికి వినపడేట్టు. "మరి మా వీధిలో ఆ బిడ్డలు ఎందుకు పోయారు పాపా? గ్రూపు అన్నారే."

ఆ పిల్ల చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ బిడ్డల సంగతి చూడకుండా తను చెప్పలేనంది. "మామూలుగా గ్రూపు ఒకటైతే ఏ ఇబ్బందీ లేదు మామ్మగారూ. తల్లికి నెగటివ్, తండ్రికి పాజిటివ్ అయినప్పుడే జాగ్రత్తగా చూసుకోవాలి. దానికీ ఇప్పుడు సూదిమందు ఉంది." మా పిల్లల కార్డుల మీదున్న గ్రూపులు మా ఆయన చెప్పాడు. "అయితే ఇద్దరిదీ పాజిటివేగా, ఏం భయం లేదు."

నాయనమ్మగారు కొంగు సర్దుకుని లేచింది. రోడ్డు మీదికి వచ్చాక ఆటో ఎక్కబోతూ నా వైపు తిరిగింది. ట్రాక్టరు మళ్లీ స్టార్టయింది.

"గ్రూపుకీ గోత్రానికీ సంబంధం లేదని నేను మొదట్నించీ అనుకుంటానే ఉన్నా. మీరేం మనుషులో, ఎట్టా తట్టుకుంటారో చూద్దామనే ఊరుకున్నా. ఇంతకీ ఆ తాంబూలం పళ్లెం యాడ పెట్టావ్?"

మేం ముగ్గురం, ఆవిడ మొగుడు కూడా, "అవునండి" అన్నాం. ఆవిడ కొడుకు మాత్రం ఆటో అద్దంలో తన ముక్కు చూసుకుంటున్నాడు. ఆ పూట ఆయన బుర్రలో ఇంకా చాలా పనులున్నాయి. దారిలో ఆటో ఆపించి అరటిపళ్లు కొని, ఈసారి మా ఆయన తినకుండా నా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను.

పెళ్లయింది. తర్వాత మా పిల్ల గుంటూరులో కాన్పయింది. బిడ్డ గ్రూపు ఏమొచ్చిందో నర్సమ్మ చెప్పకముందే నాయనమ్మగారు చెప్పింది. "ఓ నే వస్తది. తల్లి దగ్గర రెండూ ఓలే, తండ్రి దగ్గర రెండూ ఓలే. లేనిది యాడ్నించి తెచ్చిస్తారు?" ఆ మాట వరండాలో కూర్చున్నవాళ్లందరికీ వినపడింది. వినపడాలనే అంది.

ఆ వార్డులోనే అవతలి మంచం మీద ఇంకో బాలింత ఉంది. మిరప కోతలకి వచ్చే కూలీల పిల్లలాగుంది, ఇరవై దాటి ఉండవు. ఆ పిల్ల అత్త బిడ్డని ఎత్తుకోకుండా, "మా వాడిది బి అన్నారు, దీనిదేమో ఏ అన్నారు, వీడికి ఓ ఎట్టా వచ్చిందో" అని పక్కావిడతో పళ్ల మధ్య నుంచి అంటోంది. బాలింత గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి.

నాయనమ్మగారు ముసలి కాళ్లతో లేచి ఆ మంచం దగ్గరికి వెళ్లింది. నేను ఆపబోయాను, ఏం మాట్లాడుతుందోనని.

"ఏమ్మా, నీదీ ఏ నేనా?" అని అడిగింది బాలింతని. ఆ పిల్ల తలూపింది. "నాదీ ఏ నే. మా ఆయనది బి నే. అదిగో వరండాలో మా కొడుకు, వాడిదీ ఓ నే." అని వరండా వైపు తిరిగి, ఏడ్చే పిల్లకీ ఆ అత్తకీ ఇద్దరికీ వినపడేట్టు కేకేసింది. "ఒరేయ్, ఇటు రారా. నీ ముక్కు కాస్త ఈ తల్లికి చూపించు. వెనకాలే మీ నాన్నని కూడా రమ్మను."